వీటో: అయిదు రాజ్యముల అధికారము



"భద్రతా మండలిలో వీటో ప్రయోగింపబడినది" అను వార్త మీరు పత్రికలలో పలుమాఱు చదివియుందురు. పదునైదు రాజ్యములు కూర్చున్న సభలో పదుమూడు రాజ్యములు ఒక మాట యనగా, ఒక్క రాజ్యము కాదన్నంతనే ఆ మాట చెల్లకపోవుట యేమి న్యాయమని అడుగనివారు లేరు. ఈ ప్రశ్నకు నాకు తోచిన సమాధానమును నేడు మీకు విన్నవింతును.

ముందుగా మండలి స్వరూపము చెప్పవలెను. 1945 జూన్ 26వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ఐక్యరాజ్యసమితి ఒడంబడికపై సంతకములు జరిగినవి. అప్పటికి స్వాతంత్ర్యము రాకున్నను, మన దేశము పక్షమున ఆర్కాటు రామస్వామి మొదలియారు గారు సంతకము చేసిరి. నేడు సమితిలో 193 రాజ్యములు గలవు. యుద్ధము, శాంతి యను విషయములు ముఖ్యముగా భద్రతా మండలికి చెందినవి. అందు అమెరికా, రష్యా, బ్రిటను, ఫ్రాన్సు, చైనా అను అయిదును శాశ్వత సభ్యులు. తక్కిన పదింటిని రెండేసి యేండ్లకు ఎన్నుకొందురు. తీర్మానము నెగ్గుటకు తొమ్మిది వోట్లు కావలెను. సభానిర్వహణ విషయములలో దప్ప, ఆ అయిదింటిలో ఒక్కటి వ్యతిరేకించినను తీర్మానము వీగిపోవును. వీటో యను పదము ఒడంబడికలో లేదు; ఈ నియమమునకు లోకము పెట్టిన పేరది.

ఇట్టి నియమ మేల పెట్టిరి? అంతకు ముందున్న నానాజాతి సమితి కథయే కారణము. 1920లో అది ఏర్పడినప్పుడు అమెరికా చేరనేలేదు. 1933లో జపాను, జర్మనీ, 1937లో ఇటలీ దానిని విడిచినవి. 1939లో రష్యాను సమితియే వెడలగొట్టెను. బలవంతులు లేని సభ తీర్మానములు కాగితముమీదనే మిగిలినవి. కాలువకు ఎగువనున్న మోతుబరి రానినాడు దిగువ పొలములవారు పదిమంది చేరి నీటివంతులు తీర్మానించిన ఫలమేమో మీకు నేను చెప్పనక్కఱలేదు. ఆ మోతుబరులను సభలో నిలుపుటకై చెల్లించిన వెలయే వీటో. శాన్‌ఫ్రాన్సిస్కోలో చిన్నరాజ్యములు అభ్యంతరము చెప్పగా, అమెరికా ప్రతినిధులలో నొకరగు టామ్ కొనాలీ ఒడంబడిక ప్రతిని వారి యెదుటనే చించివైచి, వీటో లేకున్న సమితియే లేదని సూచించెను.

ఆ వెల యెట్టిదో 1956వ సంవత్సరము తేటపఱచినది. ఆ జూలైలో ఈజిప్టు అధ్యక్షుడు నాసరు సూయజు కాలువను జాతీయము చేసెను. అక్టోబరు 29న ఇజ్రాయెలు ఈజిప్టుపై దండెత్తెను. వెనువెంటనే బ్రిటను, ఫ్రాన్సు యుద్ధమున దిగినవి. మండలిలో తీర్మానము రాగా ఆ రెండును వీటో చేసినవి. అప్పుడు విషయము సర్వప్రతినిధి సభకు పోయెను. అచ్చట వీటో లేదు. యుద్ధము మానవలెనని 64 రాజ్యములు వోటు చేయగా అయిదు మాత్రమే వ్యతిరేకించినవి. డిసెంబరులోపల బ్రిటిషు, ఫ్రెంచి సేనలు వెడలిపోయినవి. ఆ దినములలోనే రష్యా సేనలు హంగేరీని అణచినవి. అందును మండలిలో వీటో పడినది. అందును సర్వప్రతినిధి సభ ఖండించినది. కాని రష్యా కదలలేదు.

ఒకే సభ, ఒకే మాసము, ఫలితములు రెండు! ఏల? బ్రిటనుకు ధనము కావలసివచ్చెను. అమెరికా దానిని బిగించి పట్టెను. రష్యాను అట్లు బిగింపగలవారు లేరు. కాన వీటో రోగము కాదు, రోగలక్షణ మని నా యభిప్రాయము. దానిని నేడే తొలగించినను బలవంతుని బలము తొలగదు.

ఇతరులను నిందించుటకు ముందు మన యింటి లెక్కయు చూచుకొనవలెను. 1961 డిసెంబరులో గోవా విముక్తి సమయమున మనకు ప్రతికూలమైన తీర్మానమును రష్యా వీటో చేసినది. 1971 డిసెంబరులో బంగ్లాదేశపు యుద్ధము జరుగుచుండగా అదియే మూడుసార్లు అడ్డుపడి, ఢాకా లొంగుబాటువఱకు మనకు వ్యవధి నిచ్చినది. వీటో నీడన మనమును నిలిచితిమి.

అయినను దానివలని దుఃఖము చిన్నది కాదు. 2022 ఫిబ్రవరి 25న ఉక్రెయిన్ విషయమున రష్యా తన్ను గూర్చిన తీర్మానమును తానే ఆపుకొనెను. తగవులో నున్నవాడే తీర్పరి యైన సభ యది. 2023 డిసెంబరు 8న గాజాలో కాల్పులు మానవలెనను తీర్మానమునకు పదుమూడు రాజ్యములు సమ్మతింపగా అమెరికా ఒక్కటియే అడ్డుపడెను. నాలుగు దినములకు సర్వప్రతినిధి సభలో 153 రాజ్యములు, వానిలో భారతదేశమును, అదే కోరినవి. కోరిక నెగ్గెను; కాల్పులు ఆగలేదు.

మఱి మార్గమేమి? ఒడంబడికను సవరింపవలెనన్న సర్వసభ్యులలో మూడింట రెండు వంతులతోబాటు ఆ అయిదుగురి యామోదమును కావలెను. వీటోను తీయుటకును వీటోయే అడ్డు! 2022 ఏప్రిలులో మాత్రము ఒక మంచి యేర్పాటు జరిగినది: వీటో పడిన పది పనిదినములలోపల సర్వప్రతినిధి సభ కూడి దానిపై చర్చింపవలెను. చేసినవాడు తన కారణమును లోకము వినునట్లు చెప్పుకొనవలసిన స్థితి యేర్పడినది. సామూహిక సంహారముల విషయమున వీటోను వాడకుండ నిగ్రహించుకొనవలెనని ఫ్రాన్సు, మెక్సికోలు 2015లో ప్రతిపాదించినవి.

మన దేశము ఎనిమిది పర్యాయములు, కడపట 2021, 2022 సంవత్సరములలో, మండలిలో కూర్చున్నది, శాశ్వతస్థానము కోరుచున్నది. ఆ కోరిక న్యాయమైనదే. కాని ఆఱవ వీటో సంపాదించినంతమాత్రమున లోకమునకు మేలు గలుగదు. పీటపై కూర్చున్న పిదప తన తగవులో తాను తీర్పు చెప్పననువాడే పెద్దమనిషి. మనము స్థానము నడుగునప్పుడు ఆ మాటయు కలిపి యడిగిన, ఆ యడుగుటకు బరువు గలుగునని నా నమ్మకము.