ఆగిన బాయిలరుకే ఎక్కువ కాపలా

(పాల శీతల కేంద్రంలో జరిగిన సంఘాల ప్రతినిధుల సమావేశంలో కేంద్రం సిబ్బంది తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఎండలు ముదిరాయి. గేదెలు వట్టిపోతున్నాయి, పచ్చిమేత తగ్గింది, పాలూ తగ్గాయి. అందుచేత కేంద్రంలోని రెండు కట్టెల బాయిలర్లలో ఒకదాన్ని ఆపుతున్నాము. మళ్ళీ దసరా నాటికి గేదెలు ఈని పాలు పెరిగాకనే దానితో పని. "ఆగిన బాయిలరు మీద ఖర్చెందుకు?" అని పోయిన సమావేశంలో కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఒక ఏడాది మేమూ అలాగే అనుకున్నాము. మంట ఆర్పి, సగం నీళ్ళు లోపలే ఉంచి, తలుపు మూసేశాము. దసరాకు వెలిగిస్తే పొగగొట్టాలు కారాయి. నీళ్ళు నిలిచిన మట్టం వెంబడి ఇనుము గుంటలు పడి ఉంది. గొట్టాలు మార్చేదాకా క్యాన్లకు చాలినంత ఆవిరి పట్టలేకపోయాము. పైకి తళతళలాడిన క్యాన్లలోనే మీరు పాలు పోశారు. అవి కేంద్రానికి చేరేసరికి పులిసిపోయాయి. తప్పు మాది, నష్టం మీది.

తుప్పుకు కారణం నీరొక్కటే కాదు, నీటిలో కలిసి ఉన్న ప్రాణవాయువు. 30 డిగ్రీల వేడిలో ఉన్న లీటరు నీటిలో అది 7, 8 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. నీరు తెర్లితే దాదాపు అంతా పోతుంది. రోజూ మండే బాయిలరులో ఈ పని దానంతటదే జరుగుతుంది. ఆగిన దానిలో జరగదు. కనుక పచ్చినీళ్ళు పోసి వదిలేయడం, సగం నీళ్ళతో వదిలేయడం, రెండూ చేటే.

ఈ ఏడు మేము చేస్తున్న పని ఇది. ముందుగా బాయిలరును దానంతటదే చల్లారనిస్తాము. తొందరపడి చన్నీళ్ళు పోస్తే గొట్టాల అతుకులు వదులవుతాయి. గోరువెచ్చగా ఉండగానే నీరంతా వదిలేస్తే అడుగు బురద గట్టిపడకముందే పోతుంది. తరువాత పొగగొట్టాలలోని మసిని, పొయ్యిలోని బూడిదను బ్రష్షుతో పూర్తిగా తీస్తాము. వానాకాలపు చెమ్మ బూడిదకు పడితే అది బయటివైపు నుంచి ఇనుమును తింటుంది.

ఇక మ్యాన్‌హోలు తెరిచి, సున్నపు పెచ్చు తీసి, లోపల తడి లేకుండా ఆరనిస్తాము. పళ్ళేలలో కాల్చిన సున్నపురాయి పెట్టి, గాలి చొరకుండా బిగిస్తాము. చెమ్మను సున్నం పీల్చుకుంటుంది. అది ఉబ్బుతుంది కనుక పళ్ళెం నిండా పోయరాదు, ఇనుముకు తగలనీయరాదు. నెలకోసారి చూసి, పొడి అయినదాన్ని మారుస్తాము. పొగగొట్టం పైన మూత వేస్తాము. "లోపల సున్నం ఉన్నది, మంట పెట్టరాదు" అని తలుపుకు పలక కడతాము.

రెండవ బాయిలరు మధ్యలో రెండు మూడు వారాలే ఆగుతుంది. దానికి వేరే పద్ధతి. గాలి వాల్వు తెరిచి నీటిని బాగా తెర్లించి, మిగిలిన ప్రాణవాయువును హరించే సోడియం సల్ఫైటు మందు కలిపి, పైదాకా నింపి మూస్తాము.

ఇదే అదనులో సేఫ్టీ వాల్వు, గేజి గ్లాసు విప్పి చూడడం, తనిఖీ అధికారిని పిలవడం కూడా ముగిస్తాము. 1923 నాటి చట్టం స్థానంలో 2025లో కొత్త బాయిలర్ల చట్టం వచ్చినా, తనిఖీ, ధృవపత్రం తప్పవు. పాలు పొంగే రోజుల్లో బాయిలరు ఆపి తనిఖీ చేయించడం ఎవరి తరం?

బల్క్ కూలర్లు వచ్చిన ఊళ్ళలో క్యాన్ల పని తగ్గింది. క్యాన్లతోనే పంపే సంఘాల వారికి మా మనవి ఒక్కటే. ఈ నెలల్లోనే సొట్టపడిన క్యాన్లు, బిగువు తప్పిన మూతలు ఏరి మాకు పంపండి. ఖాళీ క్యాన్లను బోర్లించి ఆరబెట్టండి. బ్రష్షుకు, సున్నానికి, తనిఖీకి అయ్యే ఖర్చును సమావేశంలో ఆమోదించండి. గొట్టాలు మార్చే ఖర్చుతో, పులిసిన పాలతో పోలిస్తే అది ఎంత చిన్నదో ఒకసారి నష్టపోయిన మనకు తెలుసు.