పార్కు పెరిగింది, మరి అందులో ఊడ్చేవాళ్లు?

(చెన్నైలో యౌవనస్థుల కూటంలో చేసిన ప్రసంగ పాఠం)

వినోదం పాపమని చెప్పడానికి నేనిక్కడ నిలబడలేదు. జెయింట్ వీల్ నాకూ ఇష్టమే. పైకి వెళ్లాక కళ్లు మూసుకుంటాననుకోండి, అది వేరే సంగతి. ఈరోజు నేనడిగేది ఇదీ: కిక్కిరిసిన ఊళ్లో అలాంటి పార్కు ఇంకా పెరగాలంటే, ఆ ఊరివాళ్లకు ఏమవుతుంది?

అమెరికాలో, కాలిఫోర్నియాలోని అనహైమ్‌ను చూడండి. 1955 జులై 17న అక్కడ డిస్నీల్యాండ్ తెరిచారు. అంతకుముందు అది 160 ఎకరాల నారింజ తోటలు. పార్కు రాగానే చుట్టూ మోటళ్లు, ఇళ్లు లేచాయి. పెరగడానికి చోటు మిగల్లేదు. ఆ దెబ్బతో వాల్ట్ డిస్నీ ఫ్లోరిడాలో రకరకాల కంపెనీల పేర్లతో చడీచప్పుడు లేకుండా దాదాపు 27 వేల ఎకరాలు కొన్నాడు. అనహైమ్‌లో మాత్రం ఉన్న స్థలంలోనే సర్దుకోవాలి. అందుకే 2001లో అక్కడి రెండో పార్కును పాత కార్ల పార్కింగ్ మీదే కట్టారు. ఆ ఊరి జనాభా ఇప్పుడు దాదాపు మూడున్నర లక్షలు.

2024 మేలో నగర మండలి మరో విస్తరణకు ఒప్పుకుంది. హోటళ్లు ఒకచోట, పార్కింగ్ ఒకచోట, రైడ్లు ఒకచోట అని పాత నిబంధనలు గీసిన గీతల్ని సడలించారు. పార్కు పక్కనున్న మ్యాజిక్ వే అనే రోడ్డును కంపెనీకి అమ్మడానికీ ఒప్పుకున్నారు. అందరి రోడ్డు పోతుందని, ట్రాఫిక్, చప్పుడు పెరుగుతాయని చుట్టుపక్కల ఇళ్లవాళ్లు మొత్తుకున్నారు. కంపెనీ పదేళ్లలో కనీసం 190 కోట్ల డాలర్లు పెట్టుబడి పెట్టాలి. తక్కువ ఆదాయం వాళ్ల ఇళ్ల కోసం ఇచ్చేది 3 కోట్లు. అరవై మూడు రూపాయల్లో ఒక రూపాయి అన్నమాట.

ఇలాంటి చోట మా బోధకులం వెంటనే నాబోతు ద్రాక్షతోట ఎత్తుకుంటాం. ఇక్కడ అది అతకదు. ఈ విస్తరణ కోసం ఎవరి తోటా గుంజుకోలేదు, స్థలం చాలావరకు కంపెనీదే. తగాదా భూమి దగ్గర కాదు, కూలి దగ్గర.

2018లో యూనియన్లు చేయించిన ఒక సర్వేలో, అక్కడి కార్మికుల్లో దాదాపు పదిమందిలో ఒకరు గత రెండేళ్లలో ఎప్పుడో ఒకప్పుడు ఇల్లు లేకుండా గడిపామన్నారు. వచ్చిన జీతం కనీస ఖర్చులకు కూడా చాలడం లేదని నూటికి 73 మంది చెప్పారు. యూనియన్లు చేయించిన సర్వే కదా అని మీరు కొంత తగ్గించుకున్నా, ఆ లెక్క చిన్నది కాదు. అదే ఏడాది నవంబరులో ఊరివాళ్లు ఓట్లేసి ఒక చట్టం తెచ్చుకున్నారు. నగరం నుంచి పన్ను రాయితీ పొందే హోటళ్లు, పార్కులు 2019లో గంటకు 15 డాలర్లతో మొదలుపెట్టి 2022కల్లా 18 ఇవ్వాలి. అది మాకు వర్తించదని కంపెనీ వాదించింది, కింది కోర్టులో గెలిచింది కూడా. 2023లో అప్పీలు కోర్టు వర్తిస్తుందని తేల్చింది. 2024 చివరికి, 50 వేలమందికి పైగా కార్మికులకు 23.3 కోట్ల డాలర్లు చెల్లించి రాజీకి వచ్చింది.

అమెరికా సంగతి మనకెందుకు అంటారా? ఈ ఊళ్లోనూ, బెంగళూరులోనూ మనవాళ్లు ఎంతోమంది తరాలుగా చీపురు పట్టారు. వాళ్లు ఊడ్చిన వీధులు ఖరీదైపోయాయి. మన చెన్నై బస్తీలనేమో ఖాళీ చేయించి కణ్ణగి నగర్‌కు, పెరుంబాక్కానికి పంపారు. తెల్లారకముందే అక్కడ బస్సు కోసం నిలబడేవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు, వాళ్లకు నేను చెప్పాల్సిన పనిలేదు.

మీలో మాల్‌లో, ఫుడ్ కోర్టులో, పార్కుల్లో కాంట్రాక్టు మీద చేస్తున్నవాళ్లు కూటం అయ్యాక వెళ్లిపోకండి. ఒక అన్నయ్య కనీస వేతనం, పి.ఎఫ్. లెక్కలు చూసిపెడతానన్నారు. జీతం చీటీ తెచ్చుకున్నవాళ్లు ముందు వరసలోకి రండి. అసలు చీటీయే ఇవ్వరు అనేవాళ్లు ఇంకా ముందుకు రండి.