యుద్ధనౌకకు నర్సమ్మ పేరు



యుద్ధనౌకకు పేరు పెట్టాలంటే ఏ సేనాపతి పేరో, ఏ వీరుడి పేరో పెడతారనుకుంటాం. అమెరికా నావికాదళంలో 2023 మే 13న చేరిన ఒక డిస్ట్రాయర్‌కు మాత్రం ఒక నర్సు పేరు పెట్టారు. ఆమె లీనా సట్‌క్లిఫ్ హిగ్బీ.

ఆ ఓడ పొడవు 509 అడుగులు. శత్రు విమానాలు, జలాంతర్గాములు, దూరాన నేలమీది స్థావరాలు – దేన్నయినా సరే గురిచూసి కొట్టే క్షిపణులు అందులో ఉంటాయి. అంతటి ఓడకు ఒక నర్సమ్మ పేరెందుకంటారా? వినండి.

లీనా 1874లో కెనడాలో పుట్టారు. నర్సుగా శిక్షణ పొంది న్యూయార్కులో పనిచేశారు. భర్త సైనికాధికారి, 1908లో ఆయన పోయారు. ఆ ఏడు మే 13నే అమెరికా నావికాదళంలో నర్సుల విభాగం ఏర్పడింది. మొదట చేరిన ఇరవై మందిలో ఆమె ఒకరు. ఉద్యోగమైతే ఇచ్చారు గాని, ఉండటానికి వసతి గాని, భోజనం ఏర్పాటు గాని చూడలేదు! ఆ నర్సులే ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, వంటావార్పూ తామే చూసుకున్నారు.

1911లో లీనా ఆ విభాగానికి అధిపతి అయ్యారు. 1917లో అమెరికా యుద్ధంలోకి దిగేనాటికి 160 మంది ఉన్న నర్సులు, మరుసటి ఏడాదికి 1300 పైచిలుకయ్యారు. అప్పుడే ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి కూడా విరుచుకుపడింది. ఆ సేవలకుగాను 1920లో నలుగురు నర్సులకు ‘నేవీ క్రాస్’ పతకం ప్రకటించారు. వారిలో ముగ్గురు రోగులకు సేవ చేస్తూ, అదే జ్వరానికి బలైపోయినవారు. బతికుండగా దాన్ని అందుకున్న తొలి మహిళ లీనాయే.

ఇంత చేసినా, నర్సులకు ఆఫీసర్లతో పోల్చదగిన హోదా 1942లో గాని రాలేదు. ఆమె 1941లోనే కన్నుమూశారు. 1945లో ఆమె పేరుతో ఒక యుద్ధనౌక దళంలో చేరింది. నావికాదళంలో పనిచేసిన స్త్రీ పేరు అక్కడి యుద్ధనౌకకు పెట్టడం అదే మొదలు. ఆ ఓడ 1979 దాకా పనిచేసింది. ఇప్పటిది రెండోది. నర్సుల విభాగం పుట్టి సరిగ్గా 115 ఏళ్ళు నిండిన రోజునే అది దళంలో చేరింది.

జ్వరం తగ్గాక డాక్టరుగారి హస్తవాసి మంచిదంటాం. రాత్రంతా తడిగుడ్డ వేస్తూ కూర్చున్న మనిషి గుర్తుకే రాదు. ఆ మనిషి మన ఇంట్లో అత్తగారో, తోడికోడలో కావచ్చు. ఆసుపత్రిలో నర్సు కావచ్చు. ఈసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు, వేళకు మందిచ్చిన నర్సు పేరు కూడా అడిగి తెలుసుకోండి. ఇంటికొచ్చాక ఆ పేరు నలుగురికీ చెప్పండి.