తుపాను రాత్రి ఇంటి దీపము
(సంఘ సమావేశమున గావించిన ప్రసంగ పాఠము)



ఇంటికి జనరేటరు పెట్టుకొనుటను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరినారు. ఇది ధనికుల ముచ్చట గదా యని కొందరికి తోచవచ్చును. కాని తాతల నాటి నుండి యానాములో కాపురమున్న మనకు గోదావరి సంగతియు తెలియును, గాలివాన సంగతియు తెలియును. 1839వ సంవత్సరమున ప్రక్కనున్న కోరంగి రేవును ఉప్పెన ముంచివేసిన కథ మన ముసలమ్మలు చెప్పగా వినియుంటిమి. 1996 నవంబరు 6వ తేదీ రాత్రిని మనలో అనేకులు స్వయముగా ననుభవించిరి. 2022 జూలైలో గౌతమి పొంగి వీధులలోనికి వచ్చినది. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వంటి మహానగరమునే దినముల తరబడి చీకటిలో నుంచినది. మన ఊరికి విద్యుత్తు రావలెనన్న ఆంధ్రదేశపు నేల మీదుగా తీగలు దాటి రాక తప్పదు. ఆ దారిలో ఎచ్చట స్తంభము కూలినను మన ఇంట దీపము ఆరును.

మొదట నా తప్పు నొకదానిని చెప్పుకొని తరువాత యంత్రము మాట కెత్తుకొందును.

1996 తుపాను వెళ్లిన నాలుగవ దినమున నేనొక చిన్న జనరేటరును అద్దెకు తెచ్చితిని. ఇంట మా తల్లిగారు జబ్బుతో నుండిరి. పంకా తిరిగిన చాలునను తొందరలో, రెండు కొనలకును ప్లగ్గులు బిగించిన తీగ నొకదానిని సిద్ధము చేసి, ఒక కొన జనరేటరుకును రెండవ కొన గోడసాకెట్టుకును తగిలించితిని. మెయిన్ స్విచ్చు తీయుట మరచితిని. ఇల్లంతయు వెలుగు వచ్చినది. నేను నా తెలివికి నేనే మురిసితిని. అదే సమయమున వీధి చివర లైన్‌మాన్ ఒకడు స్తంభమెక్కుటకు సిద్ధపడుచుండెను. ఎక్కుటకు ముందు అలవాటు చొప్పున తీగలపైకి ఎర్తు గొలుసు విసరినాడు. నిప్పురవ్వలు ఎగసినవి. అతడు నేరుగా మా ఇంటికి వచ్చి, చెమటలు తుడుచుకొనుచు, “అయ్యా, నాకు ఇద్దరు పిల్లలు” అని మాత్రము అనెను. ఆ మాట నేటికిని నా చెవిలో నున్నది.

జరిగిన దేమనగా, నా ఇంటి కరెంటు మీటరు గుండా వెనుకకు నడచి వీధి తీగలలోనికి పోయినది. అది అంతటితో ఆగదు. వీధిలోని ట్రాన్స్‌ఫార్మరు 11,000 వోల్టులను ఇండ్లకు తగినట్లు తగ్గించునది. వెనుక నుండి 230 వోల్టులు పోయినచో, అదియే వానిని మరల వేల వోల్టులుగా పెంచగలదు. చచ్చిన తీగ యని తలచి చేయి వేసినవాని ప్రాణము పోవును.

కావున మొదటి నియమము: ఇంటి కరెంటును, జనరేటరు కరెంటును ఒకేసారి కలియనీయని చేంజోవరు స్విచ్చు లేనిదే జనరేటరు పెట్టరాదు. ఆ స్విచ్చు ఫేజుతోపాటు న్యూట్రలును గూడ విడదీయవలెను. దానిని లైసెన్సు గల ఎలక్ట్రీషియనే బిగింపవలెను. విద్యుత్ శాఖవారికి ముందుగా తెలుపవలెను. చేతితో త్రిప్పునదైనను మంచిదే, తానై మారునదైనను మంచిదే. అయితే తానై మారుదానికిని యంత్రము లేచి కుదురుకొనువరకు కొన్ని సెకనులు పట్టును. ఇంట ఆక్సిజన్ యంత్రముతో నున్న రోగి యున్నచో, ఆ వ్యవధిని నింపుటకు ఇన్వర్టరును, అదియు పనిచేయనిచో ఆదుకొనుటకు నిండు సిలిండరును, వైద్యుని సలహాతో దగ్గర నుంచుకొనుడు. జనరేటరు మీదనే రోగి ప్రాణమును వ్రేలాడదీయరాదు.

ఇక యంత్రమెంత పెద్దదిగా నుండవలెను? కాగితము మీద లెక్క వేయుదము. పది దీపములకు 100 వాట్లు, ఆరు పంకాలకు 450, టెలివిజనుకు 100, ఫ్రిజ్జుకు 200, ఆక్సిజన్ యంత్రమునకు 350, ఇది 1,200. ఒక హార్సుపవరు నీటి మోటారుకు సుమారు 1,100, టన్నున్నర ఏ.సి.కి సుమారు 1,600. మొత్తము 3,900 వాట్లు. జనరేటర్లను కె.వి.ఏ.లలో కొలుతురు గనుక దీనిని 0.8తో భాగింపగా సుమారు 4.9 కె.వి.ఏ. వచ్చును. అయితే మోటారు లేచు క్షణమున నడుచునప్పటి కంటె అయిదారు రెట్లు కరెంటును లాగును. అందుచేత ఇట్టి ఇంటికి 7.5 కె.వి.ఏ. యంత్రము తగును. మొదట మోటారు నెత్తి, అది కుదురుకొన్న పిమ్మట మిగిలినవి ఒక్కొక్కటిగా వేయుడు. పెద్దది కొన్న మరింత మేలని భ్రమపడకుడు. డీజిలు ఇంజను తన శక్తిలో మూడవ వంతైనను బరువు లేక చిరకాలము నడచినచో లోపల మసి పట్టి చెడును.

ఎచ్చట పెట్టవలెను? 2022 వరదనీరు మీ గోడపై ఎంతవరకు వచ్చెనో మీకు జ్ఞాపకముండును. ఆ గీతకు పైగా సిమెంటు దిమ్మె కట్టించి దానిపై నిలుపుడు. డాబాపైకి ఎక్కింపదలచినచో అది వందల కిలోల బరువని మరువక, ఇంజనీరును అడిగి చేయుడు. వంటింటిలోను, మూసిన వసారాలోను, మెట్ల క్రిందను ఎన్నడును పెట్టరాదు. దాని పొగలో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే మనిషిని తీసికొనిపోవును. వానజల్లు పడునని తలుపులు మూసి లోపల యంత్రము నడుపుట కంటె చీకటిలో కూర్చుండుట మేలు. పొగగొట్టము మన కిటికీలకే కాదు, పొరుగువారి కిటికీలకు సైతము ఎదురుగా నుండరాదు. మన వీధులు ఇరుకైనవి. శబ్దము మీటరు దూరమున 75 డెసిబెల్సు మించరాదని నిబంధన కలదు. పెట్టెలో అమర్చిన యంత్రమునే కొనుడు.

మనది ఉప్పుగాలి, ఉప్పునేల. యంత్రపు ఒంటికిని న్యూట్రలుకును వేరువేరు ఎర్తులు వేయించి, ఏటేట వేసవిలో నేల యెండినప్పుడు పరీక్ష చేయింపుడు. ఇనుము త్వరగా తినివేయబడును.

డీజిలు సంగతి. మూడవ వంతు బరువుతో నడచు 7.5 కె.వి.ఏ. యంత్రము గంటకు సుమారు లీటరు మొదలు లీటరున్నర త్రాగును. దినమునకు ఆరు గంటలు, ఉదయము రెండు, రాత్రి నాలుగు, నడిపినచో అయిదు దినములకు నలుబది అయిదు లీటర్లు చాలును. కరెంటు లేనిచో బంకులో పంపును పనిచేయకపోవచ్చును గనుక తుపాను హెచ్చరిక వినగానే తెచ్చుకొనుడు. నిప్పుకు దూరముగా, మూత బిగించి, ఇంటి వెలుపల నుంచుడు. యంత్రమును ఆపి, చల్లారిన పిదప మాత్రమే పోయుడు. ఏడాది నిలువ యున్న డీజిలులో నీరు చేరును. దానిని వాడి క్రొత్తది నింపుచుండుడు.

అవసరమునాడు యంత్రము లేవకపోవుటకు తరచుగా కారణము నిద్రించిన బ్యాటరీ. వారమునకొకసారి, ఆదివారము ఉదయమని పెట్టుకొని, పావుగంట సేపు ఇంటి బరువుతో నడుపుడు. నూనె మట్టము, గాలి వడపోత చూడుడు. నడచిన గంటలను పుస్తకములో వ్రాసి, తయారీదారు చెప్పిన గంటలకు నూనె మార్పించుడు.

ఇంకొక్క మాట. యంత్రముతో వచ్చు పుస్తకము తరచుగా మన ఇంటి పెద్దలు చదువలేని భాషలో నుండును. మీరు ఊరిలో లేనప్పుడు దానిని నడుపవలసినది మీ తల్లిగారో, మీ ఇల్లాలో. చేంజోవరు స్విచ్చు చెంతనే, చేయవలసిన పనులను వరుసగా, పెద్ద అక్షరములతో, తెలుగున వ్రాసి అంటింపుడు. ఒకసారి వారిచేత చేయించి చూడుడు.

కడపటి మనవి. వీధికంతటికి ఒకరి ఇంటనే వెలుగుండవచ్చును. పొరుగింటికి తీగ లాగకుడు. అది మరియొక ప్రమాదము. కాని పొరుగువారి ఇన్సులిను మీ ఫ్రిజ్జులో నుంచుడు, వారి బిందెలను మీ కుళాయి క్రింద నింపనీయుడు, వారి ఫోన్లు మీ వసారాలో ఛార్జి కానిండు. స్తంభముపై నున్న లైన్‌మాన్‌కు కాఫీ అందించి, “అయ్యా, మా స్విచ్చు తీసియే యున్నది, చూచుకొనుము” అని చెప్పుడు. ఆనాడు నేను చెప్పవలసిన మాట అది.