చేయి పట్టి నేర్పేవారు ఉండాలి



మన పిల్లల్లో కొందరు సైకాలజీ చదువుతున్నారు. సంతోషం. అయితే పుస్తకాలు చదివి పరీక్ష రాసినంతమాత్రాన సైకాలజిస్టులు అయిపోరు. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టు కావడానికి చాలాకాలం పాటు ఉన్న దారి రెండేళ్ల ఎం.ఫిల్. అందులో అనుభవజ్ఞుల పర్యవేక్షణలో రోగులను చూడాలి. దీన్నే సూపర్‌విజన్ అంటారు.

అక్కడ ఏం జరుగుతుంది? ట్రైనీ తాను చూసిన కేసు గురించి చెబుతుంది. "ఆ ప్రశ్న ఎందుకడిగావు? ఆమె ఏడ్చినప్పుడు నీకేమనిపించింది?" అని సూపర్‌వైజర్ అడుగుతారు. సూపర్‌వైజర్ ఒకసారి ఉపాధ్యాయురాలిగా, ఒకసారి కౌన్సెలర్‌గా, ఒకసారి సలహాదారుగా ఉంటారని జానిన్ బెర్నార్డ్ 1979లో వివరించారు. మొదట్లో "నేనేం చెప్పాలి?" అని అడిగే ట్రైనీ, కొన్నాళ్లకు "నాకిలా తోస్తోంది, మీరేమంటారు?" అంటుంది. ఆ మార్పులోనే వృత్తి తనదవుతుంది.

అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో అపొల్లో మంచి వక్త. అయినా అతనికి తెలిసింది కొంతే. ప్రిస్కిల్ల, అకుల అతన్ని చేర్చుకొని మరింత స్పష్టంగా వివరించారు. అతని నోరు మూయించలేదు. తర్వాత సేవకు అతన్ని పంపుతూ సహోదరులు ఉత్తరం కూడా రాసిచ్చారు.

కానీ సూపర్‌విజన్‌లో అధికారం కూడా ఉంది. నేర్పేవారే మార్కులు వేస్తారు. అందుకే ట్రైనీ తన తప్పులు దాచుకుంటుంది, భయం దాచుకుంటుంది. "మీ ఇంటిపేరేంటమ్మా, ఏ ఊరు?" అంటూ రోగి కులం ఆరా తీస్తే, దళిత ట్రైనీ ఆ బాధను ఎవరితో చెప్పుకోవాలి? ఆ గదిలో చెప్పుకునే వీలు లేకపోతే, వృత్తి అంటే తనను తాను దాచుకోవడమని నేర్చుకుంటుంది. బెంగళూరులోనో చెన్నైలోనో తెలుగు రోగి వచ్చినప్పుడు తెలుగు ట్రైనీని దుభాషిగా మాత్రమే వాడుకుంటే, ఆమె వైద్యం నేర్చుకునేదెప్పుడు? మంచి సూపర్‌వైజర్ ఈ మాటలు తానే ముందు ఎత్తుతారు.

యువతకు నా మనవి: కోర్సులో చేరేముందు అడగండి. వారానికి ఎన్ని గంటల సూపర్‌విజన్? విడిగానా, గుంపుగానా? ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పాలి?

సంఘ పెద్దలకూ ఒక మాట. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి గోప్యత హక్కు ఇచ్చింది. మన దగ్గర గోడు చెప్పుకున్నవారి విషయం ప్రార్థన అంశంగా బయటపెట్టకండి. పేరు చెప్పకుండా, తెలిసినవారి సలహా తీసుకోండి. ఇతరుల కన్నీళ్లు మోసేవారికి తమ బరువు దించుకునే చోటు కావాలి. ఆ చోటు కల్పించడం కూడా న్యాయమే.