విస్తరిలో అన్నపు చోటు

ఆహారనియమాన్ని గురించి నాలుగు మాటలు చెప్పమని ధర్మకర్తలు ఆజ్ఞాపించారు. ఏకాదశి ఉపవాసమని ఇడ్లీలు, ఉప్మా తినే ఊరిలో ఇది సులభమైన విషయం కాదు. అందుచేత ఇతరులకు బోధించక, నా తప్పును చెప్పుకుంటాను.

సంస్కృతపాఠాలు చెబుతూనే నలభై ఏళ్లకు పైగా ఆబ్దికాలలో భోక్తగా కూర్చున్నవాణ్ణి. వడ్డించినదాన్ని వద్దనడం మా పెంపకంలో లేదు. గారెలు, బూరెలు, పరమాన్నం, ముద్దపప్పు మీద నెయ్యి, చివరకు గడ్డపెరుగు. ఇంటికి వచ్చి నిద్ర, లేచిన తరువాత అరుగు మీద కూర్చొని పాఠం. చరకుడు ప్రమేహానికి హేతువులను చెబుతూ కూర్చుండే సుఖాన్ని, నిద్రాసుఖాన్ని, పెరుగును, కొత్త ధాన్యాన్ని, బెల్లపు వంటకాలను లెక్కించాడు. ఈ భాగానికి విద్యార్థులకు అర్థం చెప్పినవాణ్ణి నేనే. నా దినచర్యనే చదువుతున్నానని మాత్రం నాకు తోచలేదు. అరవై ఒకటవ ఏట మధుమేహం బయటపడింది. సుశ్రుతుడు ఈ వ్యాధిని రెండు విధాలుగా విభజించాడు: పుట్టుకతో వచ్చేది, అపథ్యం వలన వచ్చేది. నాది ఏ విభాగమో వేరే చెప్పనక్కరలేదు.

2018 ప్రాంతంలో మన కోస్తా జిల్లాలలో ఏ ఇంటికి వెళ్లినా విజయవాడ వీరమాచనేని రామకృష్ణగారి ఆహారపద్ధతి ప్రస్తావనే వినబడేది. అన్నం, రొట్టె, పంచదార మాని, కొబ్బరినూనె, నిమ్మకాయలతో కొన్ని వారాలు గడపడం. వైద్యులలో పెద్ద వాదోపవాదాలే జరిగాయి. పిండిపదార్థాలు తగ్గించాలన్న ఆలోచన మాత్రం పాతదే. 1863లో లండనులో విలియం బాంటింగ్ అనే స్థూలకాయుడు రొట్టె, చక్కెర, బంగాళదుంప మాని బరువు తగ్గి, ఆ సంగతి చిన్న పుస్తకంగా అచ్చువేయించాడు. ఆ వాదంలో తీర్పు చెప్పడానికి నేను వైద్యుణ్ణి కాను. ఎవరి పద్ధతినీ పూర్తిగా అనుసరించినవాణ్ణీ కాను. అక్కడక్కడ విన్న ముక్కలను కలిపి, ఎవరినీ అడగక, సొంతశాస్త్రం ఒకటి కల్పించుకున్నాను. అన్నం ఒక్కసారిగా మానివేశాను. షుగరు మాత్ర మాత్రం ఎప్పటివలెనే వేసుకున్నాను.

నాలుగవ నాటి ఉదయం మాత్ర వేసుకొని, మజ్జిగ తాగి, విష్ణుసహస్రనామ పారాయణకు కూర్చున్నాను. తొమ్మిదవ ఏట కంఠస్థమైన స్తోత్రం. మధ్యలో తరువాతి నామం తోచలేదు. మొదటినుండి ఎత్తుకున్నాను, ఈసారి ఇంకా ముందే తప్పింది. ఒళ్లంతా చెమట, చేతులు వణుకు. నా గృహిణి పరుగున వచ్చి బెల్లపు నీళ్లు నోట పోసింది. నేను బహిష్కరించిన బెల్లమే ఆనాడు నన్ను నిలబెట్టింది. వైద్యుని వద్దకు చేరేసరికి రక్తంలో చక్కెర ఇంకా 58 ఉన్నది. 70కి దిగువ ఉంటేనే జాగ్రత్తపడాలట.

ఆయన మందలించలేదు. "పంతులుగారూ, ఈ మాత్ర క్లోమం చేత ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. మీరు అన్నం తిన్నారో లేదో దానికి తెలియదు. అన్నం తగ్గించదలిస్తే ముందు నాతో చెప్పండి, మాత్రను కూడా తగ్గిద్దాం" అన్నాడు. ఇన్సులిన్ సూది వేసుకునేవారికి కూడా ఇదే హెచ్చరిక. అన్ని మాత్రలూ ఇటువంటివి కావు. మీది ఎటువంటిదో మీ వైద్యుణ్ణే అడగండి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, గర్భవతులు అడగకుండా అసలే పూనుకోవద్దు.

ఇక ఇంట్లో జరిగిన యుద్ధం. "ఏమండీ, మెతుకు లేని విస్తరి నేను వేయలేను" అని ఆవిడ కంటతడి పెట్టింది. సంధి ఇలా కుదిరింది: మధ్యాహ్నం ఒక్క కప్పు అన్నం, అదీ చివర. ముందుగా బీర, దొండ, పొట్ల, వంకాయలలో ఏవైనా రెండు కూరలు, గోంగూరో తోటకూరో వేసిన పప్పు. పెరుగన్నానికి బదులు పలుచని మజ్జిగ. రాత్రి ఒక పెసరట్టు. పూర్వం అన్నంలోకి కూర నంజుకునేవాణ్ణి, ఇప్పుడు కూరలోకి అన్నం. మొదటి పదిహేను రోజులు కడుపు నిండినా మనసు నిండలేదు. పిమ్మట అలవాటయింది.

కొర్రలు తింటే అన్నం మానినట్లే అని కొందరి భ్రమ. 100 గ్రాముల బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములైతే, కొర్రలలో సుమారు 60. పీచు ఎక్కువ గనుక మేలే కాని, కుప్పగా పోసుకొని తింటే ఫలం ఉండదు. మన మెట్టపల్లెలలో మా నాయనమ్మ తరం జొన్నసంగటి తిని రోజంతా చేలో వంగి పనిచేసింది. 1967లో సాగరు కాలువలకు నీరు వదలడం, 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం రావడం జరిగిన తరువాత పల్లెలలో కూడా వరి అన్నం నిత్యభోజనమైంది. ఆకలి తీర్చిన ఆ బియ్యాన్ని నేను నిందించను. పని తగ్గినా ముద్ద తగ్గలేదు, అంతే. ప్రమేహరోగి మునివలె నూరు యోజనాలు నడవాలనీ, నుయ్యి త్రవ్వాలనీ సుశ్రుతుడు విధించాడు. నాకు భోజనానంతరం ఈ ప్రాకారం చుట్టూ ప్రదక్షిణలే శరణ్యం.

ప్రసాదం మాటేమిటని చాలామంది అడుగుతారు. చక్కెరపొంగలి వద్దంటే అపచారమని భయం. కళ్లకద్దుకొని ఒక్క కణం స్వీకరించి, తక్కినది పక్కవారికి ఇవ్వండి. ప్రసాదానికి పరిమాణం ప్రధానం కాదు. ఇది చెప్పినంత తేలిక కాదని నాకు తెలుసు. ముప్పై ఏళ్లు భోక్తగా వెళ్లిన ఒక ఇంట, బూరెలు ఒక్కటి చాలునని ముందుగా మనవి చేశాను. "మా నాన్నగారికి తృప్తి ఎలా కలుగుతుందండీ?" అన్నాడు యజమాని. ఆయన బాధ నిజమైనదే. ఆ ఏడు మరొకరిని పిలుచుకున్నారు. ఆ తిథి వచ్చినప్పుడల్లా నాకు ఆ ఇల్లు గుర్తుకు వస్తుంది.

దాతలకు ఒక విన్నపం. మన అన్నదానానికి బియ్యపు బస్తాలు ఇచ్చేవారు అనేకులు, కూరగాయలకు ఇచ్చేవారు స్వల్పం. ఈ కార్తీకంలో ఒక్కొక్క రోజు కూరలను ఒక్కొక్క కుటుంబం స్వీకరిస్తే, పంక్తిలో ముందు రెండు కూరలు, పప్పు వడ్డించి, అన్నం ఎంత కావాలో అడిగి పెట్టవచ్చు. వంటవారితో మాట్లాడాను, సరేనన్నారు. పేర్లు కార్యాలయంలో వ్రాయించండి. నేటి ప్రసాదం సెనగ గుగ్గిళ్లు. పిడికెడు నేనూ తీసుకుంటాను.