అమెరికా మిగులు, మన సత్తుగిన్నె



రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి అమెరికా గురించి మన తడలో చెప్పేదేముంటుందని కొందరికి అనుమానం. అరవై దాటినవాళ్లకు ఆ అనుమానం అక్కర్లేదు. మీలో చాలామంది ఆ అమెరికాను తిన్నారు. బడిలో మధ్యాహ్నం గంట కొట్టగానే సత్తుగిన్నె పట్టుకుని వరసలో నిలబడి పెట్టించుకున్న కేర్ ఉప్మా అదే. పచ్చగా, ముద్దగా, మన ఇళ్లలో లేని నూనె వాసనతో ఉండేది. మూట మీద కరచాలనం చేస్తున్న రెండు చేతుల బొమ్మ. ఆ మూట అక్కడ ఎందుకు బయల్దేరిందన్నదే ఇవాళ్టి నా ప్రసంగం.

1945లో యుద్ధం ముగిసేసరికి అక్కడ అందరిదీ ఒకటే భయం. కోటీ అరవై లక్షల మంది సైన్యంలో పనిచేశారు. వాళ్లంతా ఇళ్లకు చేరి, ఆయుధాల ఫ్యాక్టరీలు మూతపడితే 1930ల మాంద్యం మళ్లీ వస్తుందని. రాలేదు. అది వ్యాపారుల చొరవ అంటారు, నేను సగమే ఒప్పుకుంటాను. మిగతా సగం సర్కారుది. 1944 జూన్‌లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన జి.ఐ. బిల్లుతో 78 లక్షల మంది మాజీ సైనికులు చదువో, పనో నేర్చుకున్నారు. ప్రభుత్వ హామీ మీద, చేతి డబ్బు పెట్టకుండానే ఇంటి అప్పు పుట్టింది. 1947లో న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లో, ఉర్లగడ్డలు పండిన పొలాల్లో లెవిట్ కంపెనీ ఇళ్లు మొదలుపెట్టింది. కార్ల ఫ్యాక్టరీలో మనిషి నిలబడితే బండి కదులుతుంది. ఇక్కడ ఇల్లు కదల్దు కాబట్టి మనుషులే కదిలారు. ఒక జట్టు పునాది పోసి పక్క స్థలానికి పోయేది, వెనకే చెక్కపని జట్టు, దాని వెనక రంగులవాళ్లు. 1951 నాటికి పదిహేడు వేల పైచిలుకు ఇళ్లు లేచాయి. ఇల్లొచ్చాక ఫ్రిజ్జు, కారు, టీవీ వరసకట్టాయి.

లెవిట్‌టౌన్ అని పేరుపడ్డ ఆ ఊరి తొలి ఒప్పందాల్లో తెల్లవాళ్లు కానివారు ఇంట్లో కాపురముండరాదని షరతు ఉండేది. అదే యుద్ధం చేసి వచ్చిన నల్లజాతి సైనికుడికి చట్టం ఉంది, ఇల్లు లేదు. ఊరూ వాడా తెలిసిన మనకు ఇది విడమర్చి చెప్పాలా?

రైతుల సంగతికొస్తాను, మన మూట అక్కడే ఉంది. పంటకు ఇచ్చే మద్దతు ధరను ఎత్తేసే ధైర్యం ఏ పార్టీకీ లేదు. ట్రాక్టర్లు, ఎరువులతో దిగుబడి పెరిగిపోయింది. ధర పడిపోకుండా ప్రభుత్వమే కొన్నది. గోదాములు చాలక, 1953 నుంచి హడ్సన్ నదిలో పనిలేక లంగరేసి ఉన్న యుద్ధకాలపు సరుకు ఓడల్లో గోధుమలు పోశారు. ఆ బరువు దించుకోవడానికి, మిగులు ధాన్యాన్ని బయటి దేశాలకు పంపేందుకు పుట్టిన చట్టమే 1954 నాటి పబ్లిక్ లా 480. 1956 ఆగస్టులో మనతో ఒప్పందం కుదిరింది. డాలర్లు అక్కర్లేదు, రూపాయల్లోనే కట్టొచ్చు. కేర్ సంస్థ కథా ఇలాంటిదే. 1945లో ఐరోపా ఆకలి తీర్చడానికి పుట్టింది, అది పంపిన తొలి పొట్లాలు సైన్యానికి మిగిలిపోయిన రేషన్లు. తర్వాత ఆ పబ్లిక్ లా 480 మిగులే కేర్ మూటల్లో మన బళ్లకు చేరింది.

వరసగా వానలు తప్పిన తర్వాత, 1966లో మన దేశానికి కోటి టన్నులకు పైగా ధాన్యం దిగుమతయింది. అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఆ ఓడలను కొద్దికొద్దిగా వదిలేవాడు. వియత్నాం యుద్ధం మీద ఢిల్లీ అన్న మాటలు ఆయనకు రుచించలేదు. అయితే ఆ ధాన్యం పంపడం దయ కాదా? దయే. కానీ దానికో ఖాతా కూడా ఉంది. ధాన్యానికి మనం కట్టగా ఇక్కడ పేరుకున్న రూపాయల్లో 1,664 కోట్లకు 1974లో అమెరికా రాయబారి మొయినిహాన్ చెక్కు రాసి మనకే తిరిగిచ్చాడు. వయ్యారిభామ కలుపు కూడా ఆ గోధుమల్లోనే వచ్చిందని మన రైతులు తిడతారు. అంతకు ముందే అది ఈ దేశంలో ఉందని వృక్షశాస్త్రజ్ఞులు తేల్చారు, ఆ ఒక్క నింద మాఫీ చేద్దాం.

ఇక ఇప్పటి మాట. ఆనాటి అమెరికా ఇళ్లలో ఉన్న కెల్లాగ్స్, కోల్గేట్, పెప్సీ ఇవాళ మన పక్కనే, సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో తయారవుతున్నాయి. షిఫ్టు బస్సులు, అద్దె గదులు, కంతుల మీద బైకులు చూసి అమెరికా మనింటికే వచ్చేసిందని మురిసేవాళ్లున్నారు. వాళ్లు ఒకటి వదిలేస్తున్నారు. 1950లో జనరల్ మోటార్స్‌తో వాల్టర్ రూథర్ నడిపిన కార్మిక సంఘం ఐదేళ్ల ఒప్పందం రాయించుకుంది. సరుకుల ధర పెరిగితే జీతం దానంతటదే పెరగాలి, వయసైపోతే పింఛను రావాలి. అప్పట్లో అక్కడి ముగ్గురు కార్మికుల్లో సుమారు ఒకరు సంఘంలో ఉన్నారు. ఫ్రిజ్జు కొన్నది ఆ జీతం. పైగా ఆ 1950లలో పెద్ద శ్రీమంతుల ఆదాయంలో చివరి మెట్టుకు పన్ను 90 శాతం దాటి ఉండేది. ఇవాళ మన దగ్గర ఆ మాటంటే సభ లేచిపోతుంది.

మన బస్సులెక్కే పిల్లల్లో ఎందరి జీతం అలా ధరలతో పాటు పెరుగుతోంది? షిఫ్టు దిగి నేరుగా వచ్చిన నలుగురైదుగురు వెనక వరసలో ఉన్నారు. మైకు వాళ్లకివ్వండి.